పంపుహౌసు దాటాక వినిపించే అడుగులు

కొండ మీద పంపుహౌసు మలుపుకి మంచి పేరు లేదు. ఆ పంపుహౌసు మూతపడి చాలా కాలమైంది. తలుపుల్లేవు, కప్పు సగం కూలింది. చీకటి పడ్డాక అటు వెళ్ళేవాళ్ళ వెనకాల ఇంకెవరివో అడుగులు పడతాయనీ, మనం ఆగితే అవీ ఆగుతాయనీ అంటారు. ఎవరివో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఆ మాటకి మా బావ పగలబడి నవ్వేవాడు.

ఆయన పళ్ళ డాక్టరు. కొండల్లో జరిగే పెద్ద పరుగు పందేనికి పేరిచ్చిన రోజు నుంచీ మిగతా మనుషులంతా ఆయన కంటికి సోమరిపోతుల్లా కనపడసాగారు. తిండి తూచుకుని తినేవాడు. పన్ను పీకించుకోవడానికి నోరు తెరిచినవాళ్ళకి, ఎలాగూ తిరిగి మాట్లాడలేరు గనక, తన గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటుందో వివరించేవాడు. ఇంట్లో మా అక్క వింటున్నట్టు తలూపుతూ తన పని తాను చూసుకునేది.

పందెంలో చీకట్లో కూడా పరిగెత్తాలట. ఆ సాధన కోసం ఒక సాయంత్రం మా అన్నయ్యని తోడు తీసుకెళ్ళాడు. అన్నయ్య బళ్ళో లెక్కల మాస్టారు. ఎవరినీ కాదనలేడు, అదొక జబ్బు.

దిగేటప్పటికి చీకటి పడింది. తలకి కట్టుకున్న లైట్లు తప్ప ఇంకే వెలుగూ లేదు. సరిగ్గా పంపుహౌసు ముందు... రాయి జారి అన్నయ్య చీలమండ మెలికపడింది.

"బావా... కాలు కింద పెట్టలేకపోతున్నా."

బావ ముందు గడియారం చూసుకున్నాడు, తర్వాత ఆ కాలు.

"ఇక్కడే కూర్చో. కిందకెళ్ళి ఎవరినైనా పంపిస్తా."

"కాస్త నీళ్ళన్నా ఇచ్చి వెళ్ళు. నా సీసా ఖాళీ."

"నాకు దారిలో కావాలోయ్," అని వెళ్ళిపోయాడాయన.

మలుపు తిరిగాక ఏం జరిగిందో తర్వాతెప్పుడో అక్కతో చెప్పుకున్నాడు.

వెనక అడుగులు. తనవేననుకున్నాడు. ఆగాడు... అవీ ఆగాయి. కదిలాడు... ఒక అడుగు గట్టిగా పడుతోంది, రెండోది ఈడుస్తున్నట్టు—

"ఏవోయ్... నువ్వేనా?"

తిరిగి చూసే ధైర్యం లేదు. నెలల తరబడి కూడబెట్టిన వేగమంతా తీశాడు. ఆ కుంటి అడుగులు మాత్రం తీరుబడిగా దగ్గరికొచ్చాయి... మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

"బాబూ..." అంది ఒక గొంతు, గుసగుసగా. "నీళ్ళు."

సీసా వెనక్కి విసిరేసి, కొండ కింద ఆపిన కారులో పడి, ఇంటికొచ్చి ముసుగు తన్నాడు మహావీరుడు. దారిలో ఒక్క మనిషినీ లేపలేదు, ఒక్క తలుపూ తట్టలేదు. అన్నయ్య ఏడని అక్క అడిగితే, దుప్పట్లోంచి "వస్తాడు" అన్నాడు.

అక్క వెంటనే చెప్పులేసుకుంది. నన్ను పిలిచి టార్చి చేతిలో పెట్టి, తనూ బయల్దేరింది.

మేము వెళ్ళేసరికి అన్నయ్య కొండ కింద రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. చీలమండకి గుడ్డ కట్టి ఉంది. ఒళ్ళో బావ నీళ్ళ సీసా.

"ఎవరు దించారురా?" అంది అక్క.

"ఎవరో పెద్దాయన. కుంటుతూ వచ్చాడు. నీళ్ళు తాగించి, నా చెయ్యి తన భుజం మీద వేసుకుని నెమ్మదిగా దించాడు. ఒళ్ళంతా మంచులా ఉందక్కా... రోడ్డు కనపడగానే ఆగిపోయాడు. ఇంటిదాకా రమ్మంటే, ఇంతవరకే అన్నాడు."

అక్క టార్చి కొండ వైపు తిప్పింది. దారి ఖాళీగా ఉంది.

"మిమ్మల్ని మా బావే పంపాడా అని అడిగాను," అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి. "దానికి నవ్వాడు. 'నాతో వచ్చినవాడూ ఎవరినో పంపిస్తాననే వెళ్ళాడు బాబూ... ఇంకా ఎవరూ రాలేదు,' అన్నాడు."