షహజాదీ ఏలిన బీరువా

రాజ్యాలు కిరీటాల వల్ల నిలుస్తాయనుకోవడం పొరపాటు. అవి తాళంచెవుల వల్ల నిలుస్తాయి.

గోదావరిఖనిలో, బొగ్గుగని కార్మికుల క్వార్టర్ల మధ్య ఉన్న ఒక చిన్న బడిలో, ఏడో తరగతి పుస్తకాల బీరువా తాళంచెవి షహజాదీ మెడలో నల్లదారానికి వేలాడుతూ ఉండేది. షహజాదీ అంటేనే రాకుమారి. పేరులో అంత ఘనత ఉండి, మెడలో తాళంచెవి కూడా పడ్డాక నడక మారకుండా ఎలా ఉంటుంది?

ఆ బుధవారం మధ్యాహ్నం లింగమూర్తి సారు కుర్చీలో కూర్చోగానే ఆమె లేచింది. గంభీరంగా బీరువా దగ్గరకు నడిచింది. తాళంచెవి తిప్పి, రెండు తలుపులూ బార్లా తెరిచి, పక్కకు తొలగి నిలబడింది.

లోపల మూడు మహాగ్రంథాలు కొలువుదీరి ఉన్నాయి.

బీరువాలోని పాత కథల పుస్తకాలు చదివి చదివి చిరిగిపోయాయి. ఈసారి లోకంలోని నిజమైన సంగతులు చెప్పే పుస్తకాలు కొందామన్నారు సారు. కాలనీ క్లబ్బులో ఆగయ్య అనే వ్యాపారి పుస్తకాలు పరిచి అమ్ముతున్నాడు. ఎంపిక చేసే బాధ్యత క్లాస్ లీడరు షహజాదీకి అప్పగించారు.

షహజాదీకి ఎంచడం తెలియకపోలేదు. ఆమె నాన్న జహంగీర్ గనిలో బొగ్గు మోసే టబ్బులు నింపుతాడు. ఆ ఊళ్లో టబ్బు నిండుగా ఉంటేనే మనిషికి పేరు. కాబట్టి ఆమె ఆగయ్య పుస్తకాలన్నిటినీ ఒక్కొక్కటిగా రెండు చేతులతో ఎత్తి చూసింది. అన్నిటికంటే బరువైన మూడింటిని తెచ్చింది. వాటితో సారు ఇచ్చిన డబ్బు మొత్తం అయిపోయింది.

మొదటిది సిమెంటు కర్మాగారాల పరిపాలన గురించి. రెండోది పన్నుల చట్టానికి వ్యాఖ్యానం. మూడోది దేని గురించో ఇంతవరకూ తేలలేదు. తెరిచిన వాళ్లందరూ ముందుమాటలోనే దారి తప్పి వెనక్కి వచ్చేశారు.

"ఎవరికి కావాలె పుస్తకం?" అని సారు అడిగారు.

తరగతి మొత్తం కిటికీలోంచి బయటకు చూసింది. అప్పుడు వెనక బెంచీలోంచి కొమురెల్లి లేచాడు. షహజాదీ గుండె పొంగింది. అతడు భక్తితో మూడో గ్రంథాన్ని అందుకున్నాడు. బెంచీ మీద పెట్టాడు. దాని మీద కూర్చున్నాడు.

"సార్, ఇప్పుడు బోర్డు మంచిగ కనవడుతుంది!"

తరగతి గొల్లుమంది.

"ఇంకెవలకన్న కనవడకపోతే చెప్పుండ్రి. ఇంకో రెండున్నయ్," అన్నాడు కొమురెల్లి.

"లెవ్వురా!" అంది షహజాదీ. "అది పుస్తకం. పీట కాదు."

"పుస్తకమా? అయితే పాము కుబుసం ఎందుకు ఇడుస్తదో ఉన్నదా గిండ్ల?"

"లేదు."

"జరం ఎట్లొస్తది, అది?"

"లేదు."

"మరేమున్నది?"

అది షహజాదీకీ తెలియదు.

సారు కొమురెల్లిని లేపి, పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. దాని వెన్ను మధ్యకు విరిగి ఉంది. ఆయన కోప్పడలేదు. షహజాదీకి అది ఇంకా కష్టంగా అనిపించింది.

"శనివారం హెడ్మాస్టర్ సార్ వస్తరు బిడ్డా," అన్నారు మెల్లగా. "పుస్తకాలు ఎవ్వలు చదువుతలేరంటే బీరువా డ్రిల్లు సారుకు పోతది. వాలీబాల్ నెట్లు పెట్టుకుంటడట."

ఎంతటి సామ్రాజ్యానికి ఎటువంటి గతి! షహజాదీ తాళంచెవిని గుప్పిట్లో బిగించి, ఏడుపు మింగుకుంది.

సాయంత్రం ఇంటి ముందు బొగ్గు కుప్ప దగ్గర ఆమె దాదీ, అంటే నానమ్మ, జన్నత్ బీ కూర్చుని ఉంది. కార్మికుల ఇళ్లకు కంపెనీ ఇచ్చే బొగ్గులో రాళ్లు కూడా కలిసి వస్తాయి. పొయ్యి వెలిగించే ముందు వాటిని ఏరాలి. ఆ ఇంట్లో మాటలన్నీ దక్కనీ ఉర్దూలోనే సాగుతాయి. మన సౌకర్యం కోసం తెలుగులో వింటున్నాం.

"ఏంది బేటీ, మొఖం గట్ల పెట్టినవ్? జల్ది ఏరు. సిగిడి పొయ్యి ముట్టియ్యాలె."

షహజాదీ కూర్చుంది. ఒక పెళ్ల తీసి తట్టలో వేసింది. ఇంకొకటి తీసి అందులోనే వేసింది. మూడోది చేతిలోకి తీసుకుని, కనీసం దాని వైపు చూడకుండా దూరంగా విసిరేసింది.

"చూడకుంటనే పారేసినవా?" అంది దాదీ.

"బరువున్నది దాదీ. అది రాయి."

అనేసి షహజాదీ ఆగిపోయింది. చేయి గాలిలోనే ఉండిపోయింది.

చిన్నప్పటి నుంచీ ఆమె రోజూ చేస్తున్న పని ఇది. బొగ్గు తేలిక. రాయి బరువు. రాయి మండదు, అన్నం ఉడకనివ్వదు. ఈ శాస్త్రం ఆమె చేతికి తెలుసు. సోమవారం నాడు క్లబ్బుకు వెళ్లేటప్పుడు ఆ చేతిని వెంట తీసుకెళ్లి కూడా దాన్ని ఒక్క మాట అడగలేదు.

"దాదీ, నేను మూడు రాళ్లు కొన్న," అంది. జరిగినదంతా చెప్పేసింది.

జన్నత్ బీ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "వజన్ చూసి కితాబ్ కొన్నవా? తేలికున్నదంత బొగ్గనుకోకు మళ్ల. శక్‌ ఉంటే, రాయో బొగ్గో తెలవకుంటే, ఏం చేస్తం?"

"పగలగొట్టి లోపల చూస్తం."

"మరి? కితాబ్‌కైతే సుత్తె గూడ అక్కెర లేదు."

ఫస్టు షిఫ్టు చేసి వచ్చి పడుకున్న జహంగీర్ ఆ నవ్వులకు లేచాడు. విషయం విని గడియారం వైపు కాకుండా గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. "ఆగయ్య రేపు సాయంత్రం దుకాణం ఎత్తేస్తుండు బేటీ. కాసిపేటకు పోతడట. ఫికర్ చెయ్యకు. డ్యూటీ దిగంగనే సైకిల్ తీస్త."

మర్నాడు బడిలో షహజాదీ బీరువా తెరవలేదు. బెంచీ బెంచీకీ వెళ్లి అడిగింది: "నీకేం తెలుసుకోవాలని ఉన్నది?"

ఇంతకు ముందు ఆమెకు ఆ ప్రశ్న తట్టనే లేదు. ఇప్పుడు అడిగితే ఆగలేదు. ఒకరికి చుక్కలు కావాలి. ఒకరికి రైలు పట్టాల మీద ఎలా మలుపు తిరుగుతుందో కావాలి. సారవ్వకు కుట్టుమిషన్ లోపల ఏముందో కావాలి. కొమురెల్లికి పాములు కావాలి. షహజాదీకి పాములంటే బొమ్మలో చూసినా భయం. అయినా సరేనంది.

పుస్తకాలు మార్చుకురావడానికి సారు ఒప్పుకున్నారు. "తప్పు సగం నాది గూడ ఉన్నది బిడ్డా. నేను సుత లోపల చూడలే. బరువు చూసి మురిసిన."

సాయంత్రం మహాగ్రంథాలు జహంగీర్ సైకిల్ క్యారియర్ మీద ఊరేగుతూ క్లబ్బుకు చేరాయి. వెనక నుంచి పట్టుకుని కొమురెల్లి నడిచాడు. ఆగయ్య అప్పటికే పెట్టెలు సర్దుతున్నాడు. సైకిల్ మీద వాటిని చూడగానే అతడి ముఖం వాడిపోయింది.

"గివి నాతోని ఎన్ని ఊర్లు తిరిగినయో ఎరుకేనా బిడ్డా? నువ్వు కొన్ననాడు మా ఇంట్ల మిఠాయి పంచిన. మళ్ల పట్కొస్తివా?"

"మార్చి ఇయ్యి కాకా. లేకుంటే మా బీరువా పోతది," అంది షహజాదీ.

ఆగయ్య నిట్టూర్చాడు. ఒక పుస్తకం తిప్పి చూశాడు. ఇంకొకటి తిప్పి చూశాడు. మూడోదాని విరిగిన వెన్ను మీద వేలు ఆనించాడు.

"కూసున్నోడెవడో గని మంచిగ కూసున్నడు."

కొమురెల్లి క్లబ్బు పైకప్పును శ్రద్ధగా పరిశీలించాడు.

"రెండు తీసుకుంట. మూడోది మీకే. ఊఁ, జల్ది ఏరుకోండ్రి."

షహజాదీ వెంటనే పెట్టెల ముందు చతికిలబడింది.

ఆగయ్య మొదట ఒక రంగురంగుల పుస్తకం ముందు పెట్టాడు. అట్ట అద్దంలా మెరుస్తోంది. భూమి లోపలి వింతల గురించట. షహజాదీ చేయి దాని మీదకు వెళ్లింది. కానీ అట్ట దగ్గర ఆగకుండా మధ్యకు తెరిచింది. బొగ్గుగని బొమ్మ వచ్చింది. గని లోపల ఒక కార్మికుడు గోడకు ఆనుకుని హాయిగా బీడీ కాలుస్తున్నాడు.

"అబ్బో, గీ కాకను చూడు!" అని కొమురెల్లి పగలబడి నవ్వాడు. "బొగ్గు బాయిల బీడీ తాగుతుండు! గ్యాస్ అంటుకుంటదని, అగ్గిపెట్టె జేబుల ఉన్నా మా నాయినను కిందికి దిగనియ్యరు."

"బొమ్మలు మంచిగున్నయ్ కద?" అన్నాడు ఆగయ్య.

"బొమ్మ మంచిగనే ఉన్నది కాకా. మాకు తెలిసిన సంగతే తప్పు చెప్తున్నది. ఇగ తెలియనియి ఏం చెప్తదో!" అంది షహజాదీ.

జహంగీర్ మీసం కింద నవ్వుకున్నాడు.

ఆ తర్వాత పని జోరుగా సాగింది. షహజాదీ ప్రతి పుస్తకాన్నీ మధ్యకు తెరిచింది. తెలిసిన సంగతి ఒకటి అడిగింది. సరిగ్గా చెప్పిందా? అయితే తెలియనిది ఒకటి అడిగింది. అర్థమయ్యేలా చెప్పిందా? అయితే పక్కన పెట్టింది. భూమి గురించి సాదా అట్టతో ఒక పలచటి పుస్తకం దొరికింది. అడవులు బొగ్గుగా ఎలా మారాయో అందులో కథలా ఉంది. 'ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ఇంకా పూర్తిగా తెలియదు' అని ఒకచోట ఒప్పుకుంది కూడా. షహజాదీకి ఆ పుస్తకం మీద గౌరవం కలిగింది.

చుక్కలు, రైళ్లు, జ్వరాలు, యంత్రాలు వచ్చి కుప్ప మీద చేరాయి. చివరికి పాములు మిగిలాయి. ఆమె ఒక కన్ను మూసుకుని ఆ పుస్తకం తెరిచింది. కుబుసం సంగతి ఉంది. చదువుతూ చదువుతూ రెండో కన్ను ఎప్పుడు తెరిచిందో గమనించుకోలేదు.

శుక్రవారం సాయంత్రానికి పుస్తకాల్లో సగానికి పైగా పిల్లలు తీసుకెళ్లారు. మిగిలిన వాటిని వరసగా నిలబెట్టి, షహజాదీ తాళం వేసుకుని ఇంటికి వెళ్లింది. విరిగిన మహాగ్రంథం బీరువా పొట్టికాలు కిందకు చేరింది. పుట్టిన తర్వాత అది ఎవరికైనా ఉపకారం చేయడం అదే మొదటిసారి.

శనివారం ఉదయం హెడ్మాస్టరు వచ్చారు. గుమ్మం దగ్గర డ్రిల్లు సారు చంకలో నెట్టు పెట్టుకుని నిలబడ్డాడు. షహజాదీ ముందుకు నడిచి తాళంచెవి తిప్పింది. రెండు తలుపులూ బార్లా తెరిచింది.

బీరువా ఖాళీగా ఉంది.

షహజాదీ అరలన్నీ తడిమి చూసింది. డ్రిల్లు సారు ఒక అడుగు ముందుకు వేశాడు.

"పుస్తకాలేవి?" అన్నారు హెడ్మాస్టరు.

వెనక బెంచీలో పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. ఆయన బెంచీల మధ్యకు నడిచారు. ఒళ్లో చుక్కలు, బ్యాగు చాటున రైళ్లు, సారవ్వ పలక కింద కుట్టుమిషన్. కొమురెల్లి అయితే తల కూడా ఎత్తలేదు. పాము సగం కుబుసం విడిచి ఉంది.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. "డ్రిల్లు సార్, నెట్టు ఇంకెక్కడన్న పెట్టుకోండి. ఇవన్నీ వాపసొస్తే పెట్టనీకె జాగ కావాలె."

లింగమూర్తి సారు చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నారు. షహజాదీ పగలబడి నవ్వింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. నవ్వు ఆగాక, తాళం వేసిన బీరువాలోంచి అవి ఎలా వెళ్లాయో మాత్రం అంతుపట్టలేదు.

ఆ తాళం ఏనాడూ సరిగ్గా పడేది కాదు. తలుపు కింది మూల పట్టుకుని లాగితే ఊడి వచ్చేది. ఈ సంగతి తరగతిలో షహజాదీకి తప్ప అందరికీ మొదటి రోజు నుంచీ తెలుసు.