కాగితం సీసాలో తెల్ల వైన్

"ఇవాళ డాక్టర్ లెవాన్‌ని చంపుతారు. వైన్‌లో విషం కలిపి," అన్నాడు చీఫ్ హావ్లిచెక్.

ఏజెంట్ వోట్రూబా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఎవరు సార్?"

"పరాయి దేశపు ముఠా. వాళ్ల పేర్లన్నీ లెవాన్ రేపు కోర్టులో చెప్పబోతున్నాడుగా! చంపేదెవరో తెలీదు. నీకు తోడు రోస్విటా వస్తుంది."

ఆ పేరు వినగానే వోట్రూబా చెయ్యి జేబులోని ఉంగరం మీదికి పోయింది. ఈ మిషన్ ముగిశాక ఆమెను పెళ్లికి అడగాలని కొన్న ఉంగరం అది.

వియన్నా అంచున కొండవాలు ద్రాక్షతోట. అక్కడి విందుకు లెవాన్ అతిథిగా వచ్చాడు. గేటుకు ఫర్ చెట్టు కొమ్మ కట్టారు, వైన్ పోస్తున్నామని గుర్తుగా. ఒకే తోటలో కలిసి పండిన నాలుగైదు రకాల తెల్లద్రాక్షల వైన్‌ను ఆ రోజే చిన్న కాగితం సీసాల్లో విడుదల చేస్తున్నారు. భూమికి మేలే, గూఢచారికే తంటా. లోపలేముందో కనబడి చావదు. తోట యజమాని కొడుకు వేషంలో ఉన్న వోట్రూబా, గడియారంలోని స్కానర్‌తో ప్రతి సీసానూ తడిమాడు. అన్నిటికీ పచ్చ లైటే.

"క్లీన్," అన్నాడు.

"అయితే నేనే పోస్తా," అంది రోస్విటా. ఎర్ర గౌనులో ఆమె వెలిగిపోతోంది.

మనిషికో సీసా తెచ్చి గ్లాసుల్లోకి వంచింది.

లెవాన్ నవ్వాడు. "పాల ప్యాకెట్‌లా ఉందే! తాగితే ఎముకలు గట్టిపడతాయా?"

గ్లాసులు తాకించేటప్పుడు కళ్లలోకి చూడకపోతే ఏడేళ్ల దరిద్రమని ఆ ఊళ్లో పసిపిల్లలక్కూడా తెలుసు. మరిచిపోయేది ఎప్పుడూ వోట్రూబాయే. "మొద్దూ, నా కళ్లు ఇక్కడున్నాయి!" అని రోస్విటా ప్రతిసారీ తిట్టేది.

ఇవాళ అతను చూశాడు. ఆమె చూడలేదు. అతని వైపూ, లెవాన్ వైపూ కూడా. బల్లగుడ్డ వంక చూస్తోంది.

లెవాన్ పెదవికి గ్లాసు ఆనింది. వోట్రూబా చెయ్యి విసిరాడు. గ్లాసు భళ్లున బద్దలైంది. తడిసిన గచ్చుకు గడియారం ఆనిస్తే ఎర్ర లైటు వెలిగింది.

"సీసా ఎప్పుడు మార్చావు?"

"నువ్వు క్లీన్ అన్నాక. మా తమ్ముడు ఆ ముఠా చేతిలో ఉన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా?"

"చెబితే ఏం చేసేవాడివి? రూల్ ప్రకారం రిపోర్ట్ రాసేవాడివి."

ఆమె అన్నది నిజం. పోలీసులు తీసుకెళ్తుంటే రోస్విటా వెనక్కి తిరిగి, ఈసారి సూటిగా అతని కళ్లలోకి చూసింది.

కబురందుకుని వచ్చిన చీఫ్ విషం సీసాను సీల్ చేయించాడు. మిగతా ఖాళీ సీసాలను వోట్రూబా విప్పుతూ కూర్చున్నాడు. కాగితం ఒక బుట్టలోకి, లోపలి ప్లాస్టిక్ సంచి ఇంకో బుట్టలోకి. చివరికి ఉంగరం తీశాడు.

"ఇది ఏ బుట్టలో వెయ్యాలి సార్?"

హావ్లిచెక్ అతని గుప్పిట మూశాడు.

"జేబులోనే ఉంచుకోవయ్యా. ఆమె తమ్ముడి సంగతి నేను చూస్తా. జైలుకి విజిటింగ్ అవర్స్ ఉంటాయి, వెళ్లి రా. గాజు గ్లాసులు మాత్రం అడక్కు. అక్కడా కాగితం కప్పులే."