తని వేళకి కాఫీ

తెల్లవారుతూనే జ్యోతిర్మయి వసారాలో కూర్చుని, తడిపిన రవ్వని మృదంగం ఎడమ మూతకి ముద్దగా పెడుతోంది. తండ్రి కామేశ్వరరావు పళ్లు తోముకుంటూ అటొచ్చాడు. అమలాపురంలో పేరున్న గాయకుడు, కేసెట్టు కూడా వేయించుకున్నవాడు. ఆ పేరు ఊరి కంటే ఆయనకే బాగా తెలుసు.

"ఉప్మాకి పనికొచ్చే రవ్వ. తోలుకి పూస్తున్నావు."

తల్లి మాణిక్యం వంటింట్లోంచి వింది. ఆ తోలు మీదే ఆమె తండ్రి బతుకంతా వాయించారు, అదీ ఈ అల్లుడి పక్కనే. మనవరాలికి విద్య అప్పజెప్పి పోయారు. సాయంత్రం కొత్తపేట గుళ్లో తండ్రి పాటకి ఆ పిల్ల మొదటిసారి వాయించబోతోంది.

"నాన్నగారూ, తని ఇస్తారా అండీ?"

పాటా వయొలినూ ఆగి, మృదంగం ఒక్కటే వాయించే వంతు అది. తని ఆవర్తనం అంటారు. మృదంగం వాయించేవాళ్ల సత్తా తేలేది అక్కడే.

"తని అంటే జనం కాఫీకి లేచే టైమమ్మా. మీ తాతయ్య మొదలెడితే ముందు లేచేది నేనే," అని నవ్వాడు.

మాణిక్యం గరిటె పట్టుకునే వచ్చింది. "తనికి గాయకుడు కూర్చుని తాళం వెయ్యాలండి, అది మర్యాద. ఇవాళ మీరు లేచేరంటే నా పిల్లని నేనే వేదిక దింపి తీసుకొచ్చేస్తాను. ఒక్కరూ పాడుకోండి."

"నాకు తాళం నేర్పుతావుటే?"

"కూర్చుంటే చాలండి."

నలుగురిలో నవ్వులపాలవుతానని ఒప్పుకున్నాడు గాని, పిల్ల మీద ప్రేమతో కాదు.

సాయంత్రం తని మొదలైంది. కామేశ్వరరావు దానం చేస్తున్నవాడిలా తొడ మీద తాళం వేశాడు. జ్యోతిర్మయి లయ నడక మార్చేసరికి ఆయన చెయ్యి తడబడింది. ఇన్నేళ్లలో ఒక్క తనికైనా కూర్చుంటే కదా, అలవాటవడానికి. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

జ్యోతిర్మయి గమనించింది. నెలల తరబడి సాధన చేసిందంతా మింగేసుకుని, తాళం మొదలయ్యే చోటల్లా గట్టిగా దెబ్బ వేస్తూ, తండ్రి చెయ్యి దారిన పడేదాకా పసిపిల్లల పాఠమే వాయించింది. చప్పట్లన్నీ ఆయన మళ్లీ పాట అందుకున్నాకే పడ్డాయి.

కచేరీ అయ్యాక ఆయన గుడి వెనక మెట్ల మీద కూలబడ్డాడు. "మాణిక్యం, నేను లేచెళ్లిపోతే మావగారికి తాళం ఎవరు వేసేవారే?"

"ఎవరూ వెయ్యలేదండి. మీరు తిరిగొచ్చేదాకా వాయిస్తూనే ఉండేవారు. తను ముగించేస్తే పాట అందుకోడానికి అల్లుడుగారు లేరని జనం నవ్వుతారని."

కామేశ్వరరావు ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మాణిక్యం ఓదార్చలేదు. ఏడవనిచ్చింది.

"అమ్మడూ, ఇవాళ నువ్వు వాయించలేకపోయింది రేపు వాయించవే. తాళం వేస్తాను," అన్నాడు మృదంగం సర్దుకుని వచ్చిన కూతురితో.

"తప్పితే నేను చెప్తాలెండి," అంటూ మాణిక్యం ఆయన పక్కన కూర్చుంది.