నలభై ఎనిమిది అంకెలు

ధర్మవరం స్టేషన్ రోడ్డులో, జిరాక్స్ అంగడికీ టీ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న కంప్యూటర్ రిపేరీ షాపులోకి నాగేశ్వర తన సీపీయూను చంటిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు. దుమ్ము పడకుండా దానికి పాత పట్టుపంచె చుట్టాడు.

లోపల ఒకమ్మాయి స్టూలు మీద కూర్చుని, ఎవరిదో కీబోర్డులో ఇరుక్కున్న వేరుశనగ పొట్టును బ్రష్షుతో ఊడుస్తోంది.

"రిపేరీ చేసే సారు యాడ?" అన్నాడు నాగేశ్వర.

"సారు లేడు."

"ఎప్పుడొస్తాడు?"

"షాపు పెట్టి నాలుగేండ్లాయె. ఇంగా రాలేదు. నేనూ ఎదురుచూస్తాండా."

నాగేశ్వర తలెత్తి బోర్డు చూశాడు. 'చౌడేశ్వరి కంప్యూటర్స్' అని ఉంది. చౌడమ్మ తల్లి పేరు పెట్టుకున్న భక్తుడెవరో అనుకున్నాడు గానీ, చౌడేశ్వరి తన ఎదురుగా బ్రష్షు పట్టుకుని కూర్చుని ఉందనుకోలేదు.

"మీరేనా?" అన్నాడు.

"నేనే. ఏమైంది దానికి?"

"ఏమీ కాలే మేడం. దానంతట అదే ఆగిపోయె."

"ఈడికొచ్చే ప్రతి మిషనూ దానంతట అదే ఆగిపోతాది. పంచె విప్పు."

నాగేశ్వర చెయ్యి నడుము దగ్గరికి పోయింది.

"మిషన్‌ది," అంది చౌడేశ్వరి, నవ్వకుండా.

తీగలు తగిలించి స్విచ్ నొక్కింది. ఫ్యాను గుర్రుమంది. నల్లటి తెర మీద ఒక్క తెల్లగీత వచ్చింది. మొదలు కావడానికి డిస్క్ ఏదీ దొరకలేదని దాని సారాంశం.

"ఇప్పుడు నిజం చెప్పు. ఏం నొక్కినావు?"

నాగేశ్వర ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. ఆదివారం 'కొత్త వర్షన్ సిద్ధంగా ఉంది' అని తెర మీద వస్తే ఆశపడి నొక్కాడు. అరవై ఒక్క శాతం దగ్గర అది కదలకుండా నిలబడింది. ప్లగ్గు పీకేశాడు.

"ఎంతసేపు చూసి పీకినావు?"

"పది నిమిషాలు."

"మీ ఇంట్లో ఏం పని చేస్తారు?"

"పట్టుచీరలు. మగ్గాలు."

"ఒక్కో చీరకు నెలనాళ్లు కూర్చునే ఇంట్లో పుట్టి, పది నిమిషాలకే ఓపిక అయిపోయిందా? ఇంగేం చేసినావు?"

ఇంక చేసింది ఏమిటంటే, ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. అందులో ఒక కుర్రాడు చాలా ధైర్యంగా ఎఫ్‌టూ నొక్కి లోపలి సెట్టింగుల్లో అవీ ఇవీ మార్చమన్నాడు. మార్చాడు. అంతవరకు సగం ప్రాణంతో కొట్టుకుంటున్న మిషన్ ఆ దెబ్బకు పూర్తిగా పడుకుంది. ఇంకో షాపుకు తీసుకెళ్తే, ఫార్మాట్ కొట్టి అంతా తుడిచేద్దామన్నారు.

"కొట్టించుకోలేదే?"

"అందులో మా నాయన డిజైన్లు ఉండాయి."

చౌడేశ్వరి బ్రష్షు పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ అందుకుంది.

నాగేశ్వర తండ్రి శ్రీరంగప్ప ముప్పై ఏళ్లు గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో చీరల అంచులు గీశాడు. హంసలు, మామిడి పిందెలు, గండభేరుండాలు. నాగేశ్వర ఎనిమిది నెలలు కూర్చుని వాటిని గడి తప్పకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ తర్వాత ట్రంకుపెట్టెలోని కాగితాలను చెదలు తినేశాయి. డిజైన్ ఇస్తేగానీ దాని ప్రకారం బెజ్జాలు పెట్టి మగ్గం అట్టలు కొట్టరు. అట్టలు ఎక్కితేగానీ మగ్గం మీద పువ్వు పడదు. తిమ్మప్ప అనే నేతగాడి మగ్గం హంసల అంచు కోసం నాలుగు రోజులుగా ఊరికే ఉంది. మగ్గం ఆడకపోతే ఆ ఇంట్లో పొయ్యీ సరిగా వెలగదు.

అంతలో నాగేశ్వర ఫోన్ మోగింది. తండ్రి.

"ఏమిరా, బాగయిందా? కాపీ తీసిపెట్టినా అన్యావు గదా, అది ఉండాది కదా?"

"ఉండాది నాయనా. భద్రంగా ఉండాది," అని పెట్టేశాడు.

చౌడేశ్వరి స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "యాడుండాది కాపీ?"

"దీంట్లోనే. డీ డ్రైవ్‌లో."

"బీరువా తాళంచెవికి డూప్లికేట్ చేయించి, దాన్నీ బీరువాలోనే పెట్టినావన్న మాట. మళ్లీ ఫోన్ చేసి నిజం చెప్పు మీ నాయనకు."

"మిషన్ బాగుపడినాక చెప్తా మేడం."

"ఇప్పుడే. అబద్ధం చెప్పేవాళ్ల మిషన్ నేను ముట్టను. ఏం నొక్కినారో కూడా అబద్ధమే చెప్తారు. నేను తప్పుచోట ఎతుక్కుంటా ఉండాల."

నాగేశ్వర బయటికి పోయి, టీ కొట్టు పందిరి కింద నిలబడి ఫోన్ చేశాడు. చెప్పాల్సింది చెప్పాడు.

"తెలుసులేరా," అన్నాడు శ్రీరంగప్ప. "నువ్వు భద్రంగా అంటే లేదనే అర్థం. అన్నం తిన్నావా?"

నాగేశ్వర లోపలికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. చౌడేశ్వరి అది చూసి, చూడనట్టు మిషన్ వైపు తిరిగింది. ఎఫ్‌టూ నొక్కి, వీడియో కుర్రాడు మార్చమన్నవన్నీ వెనక్కి పెట్టింది. మిషన్ మళ్లీ మొదలైంది. ఈసారి నీలం తెర వచ్చింది. నాగేశ్వర చప్పట్లు కొట్టబోయాడు.

"ఆగు. తాళం అడుగుతాండాది. నలభై ఎనిమిది అంకెలు."

"తాళం నేనెప్పుడూ వేయలేదే."

"అదే వేసుకొని ఉంటాది. నువ్వు లోపల కెలికేసరికి దొంగ వచ్చినాడనుకొని తలుపేసుకునింది. తెలివైన మిషన్. దొంగ నువ్వేనని ఎట్ల కనిపెట్టిందో. తాళంచెవి నీ అకౌంట్‌లో ఉంటాది. మెయిల్ ఐడీ చెప్పు."

నాగేశ్వర టీ కొట్టు వైపు చూశాడు. ఫ్యాను వైపు చూశాడు.

"ఫార్మాట్ కొట్టేద్దామా మేడం?"

"మెయిల్ ఐడీ."

"నాగ్... వెడ్స్... పద్దు. అంతా కలిపి."

ఆమె ఒక్కో అక్షరం పైకి చదువుతూ షాపు కంప్యూటర్‌లో టైప్ చేసింది. "పద్దు అంటే?"

"పద్మజ. డిగ్రీలో నా క్లాసు."

"వెడ్స్ అయినాదా?"

"అయినాది. వేరేవానితో."

చౌడేశ్వరి ముఖాన్ని మానిటర్ వెనక్కి తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. అవి కుదుటపడ్డాక మళ్లీ తెర చూసింది.

"ఓటీపీ పంపించినాడు. చివర నలభై ఏడు ఉండే నంబర్‌కు. నీదేనా?"

"ఆ ఐడీ తెరిచేటప్పుడు నాకు ఫోన్ లేదు. రికార్డు రాసుకోవాలని చెప్పి ఆ పిల్ల ఫోన్ అడుక్కొని ఆ నంబరే ఇచ్చినా."

"అయితే ఆ పిల్లకే చెయ్యి."

"చెయ్యలేను మేడం. సిగ్గు."

"మీ నాయన ముప్పై ఏండ్ల పని కన్నా నీ సిగ్గు పెద్దదైతే, మిషన్ ఎత్తుకొని పో. పంచె ఆడుండాది."

నాగేశ్వర ఫోన్ తీశాడు. ఆమె స్పీకర్ నొక్కింది.

యాడికి ఊళ్లో కాపురముంటున్న పద్మజ ఫోన్ ఎత్తింది. వెనక కుక్కర్ విజిల్ వినిపించింది.

"ఎవురూ?"

"నేను, నాగేశ్వర."

"ఏ నాగేశ్వర? గ్యాస్ నాగేశ్వరనా?"

"కాదు. డిగ్రీలో... డిజైన్లు గీస్తాంటినే."

"ఓ. ఏమప్పా, ఏడేండ్లకు గుర్తొచ్చినా?"

"నీ ఫోన్‌కు ఒక ఓటీపీ వచ్చింటాది. అది చెప్తే..."

"ఓటీపీ ఎవురికీ చెప్పొద్దని ఫోన్ చేసిన ప్రతితూరీ చెవిలో అరుస్తాండారు. నువ్వేమైనా ఈ పని పెట్టుకున్యావా ఇప్పుడు?"

చౌడేశ్వరి ఫోన్ లాక్కుని విషయమంతా చెప్పింది, మెయిల్ ఐడీతో సహా. అవతల కుక్కర్ రెండుసార్లు కూసినా ఎవరూ పట్టించుకోలేదు.

"నాగ్ వెడ్స్ పద్దునా?" అంది పద్మజ. "నాకు తెలియనే తెలియదే. మూడేండ్లు నా ఎనక బెంచీలో కూర్చుని పెన్ను, ఒకతూరి ఫోన్ మాత్రం అడిగినాడు. ఏమైనా అంటాడేమోనని నేనూ చూసినా. చూసి చూసి, ఇంట్లోవాళ్లు చూపించినోన్ని చేసుకున్యా. బాగానే ఉండా లే. నువ్వెవురమ్మా, పెండ్లామా?"

"మెకానిక్‌ను."

"అదే మేలు. ఆయప్పకు ముందు కావాల్సింది మెకానికే. రాసుకో, నంబర్ చెప్తా."

తర్వాత చౌడేశ్వరి నాగేశ్వరను ఏడిపిస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె మాత్రం ఆ నంబర్ కొట్టి అకౌంట్ తెరిచి, అందులోని తాళం అంకెలను అతని ఫోన్‌కు పంపింది. తన స్టూలు పక్కకు ఇంకో స్టూలు లాగి, "చదువు," అంది.

అతను తన ఫోన్‌లో వచ్చిన తాళం అంకెలను ఆరేసి చొప్పున చదివాడు. ఆమె కొట్టింది. మూడో వరుసలో అతని కళ్లు ఫోన్ వదిలి ఆమె చెవి పక్కన అంటిన దుమ్ము మీదికి పోయాయి. ఒక తొమ్మిది ఎగిరిపోయింది. "ఐదే చెప్పినావు," అంది ఆమె. మళ్లీ చదివాడు. బయట ఆకాశం నల్లబడింది, చల్లగాలి లేచింది. ప్రేమ కథల్లో ఇలాంటి చోట వాన పడుతుంది. ఇక్కడ మబ్బులు వచ్చి, ఇది అనంతపురం వైపని గుర్తుపట్టి, కర్ణాటకకు దారి చూసుకున్నాయి. షాపులోకి ఇంత దుమ్ము మాత్రం కొట్టింది.

నలభై ఎనిమిదో అంకె పడగానే నీలం తెర తొలగింది. ఆమె మొదట చేసిన పని, రిపేరీ తెర లోంచి డిజైన్లన్నిటినీ వేరే డిస్క్‌లోకి కాపీ తీయడం. రెండు గంటలు పట్టింది. నాగేశ్వర ప్లగ్గు వైపు కూడా చూడలేదు. ఆ తర్వాత సగంలో ఆగిన కొత్త వర్షన్‌ను తీసేసి, పాతదాన్ని నిలబెట్టింది. సాయంత్రం టీ వచ్చే వేళకు తెర మీద శ్రీరంగప్ప హంసలు వరుసగా నిలబడ్డాయి.

నాగేశ్వర వాటిని చూస్తూ ముక్కు ఎగబీల్చాడు.

"కీబోర్డు మీద ఏడవొద్దు," అంది చౌడేశ్వరి. "నీళ్లు పోతే అది వేరే రిపేరీ." అంటూనే తన టీ గ్లాసు అతని వైపు జరిపింది.

మర్నాడు అట్టలు కొట్టించారు. ఆ మర్నాడు తిమ్మప్ప మగ్గం ఆడింది.

వారం తర్వాత నాగేశ్వర మళ్లీ షాపు మెట్లెక్కాడు. చేతిలో ఏమీ లేదు.

"ఈతూరి ఏం నొక్కినావు?"

"ఏమీ నొక్కలే. మిషన్ బాగుండాది. మూడేండ్లు చెప్పకుండా ఆగితే ఏమవుతాదో తెలిసినాది. అందుకని ఏడు దినాలకే వచ్చినా. నాకు నిన్ను చేసుకోవాలని ఉండాది."

'మీరు', 'మేడం' రెండూ ఎటుపోయాయో అతనికే తెలియలేదు. చౌడేశ్వరి చేతిలోని స్క్రూ కిందపడి దొర్లింది. ఇద్దరూ వంగి వెతికారు. దొరకలేదు.

"నేను కుందుర్పి పక్క పల్లె పిల్లను," అంది టేబుల్ కింది నుంచే. "మాది మీ కులం కాదు. మగ్గం పని రాదు, వేరుశనగ పీకే పని వచ్చు. ఈ షాపు మూసేది లేదు."

"మూయమని ఎవురన్నారు?"

"నువ్వు అనకపోయినా అనేవాళ్లు ఉంటారు. నేను ఆలోచించుకోవాల. టైం పడతాది. మధ్యలో ప్లగ్గు పీకే మనిషివి నువ్వు."

"పీకను."

ఆమె నాలుగు నెలలు తీసుకుంది. ఆ నాలుగు నెలలూ అతను రోజూ పక్క కొట్టులో టీ తాగాడు. ఒకరోజు షాపులోకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన చౌడేశ్వరిని వదిలేసి అతన్నే "సార్, ఇది చూస్తారా?" అని అడిగాడు. "నాకేమీ తెలీదన్నా. నా మిషన్ నేనే చెడిపితే ఈమే బాగు చేసినాది," అన్నాడు నాగేశ్వర, రోడ్డు వరకు వినిపించేలా. ఆ సాయంత్రం ఆమె తన నాయనను పిలిపిస్తానంది.

ఇంట్లో శ్రీరంగప్ప అంత సులభంగా ఒప్పుకోలేదు. బంధువులు ఏమంటారోనని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు తనే కొడుకును పిలిచాడు.

"మనోళ్లలో ముగ్గుర్ని అడిగినాం. మగ్గాలిల్లు మాకొద్దు, బెంగళూరు ఉద్యోగం కావాలన్యారు. వద్దన్నోళ్లను మనోళ్లంటా, వస్తానన్న పిల్లను బయటిదంటా కూర్చుంటే నాకన్నా తిక్కోడు ఉండడు. రమ్మను వాళ్ల నాయనను."

చౌడేశ్వరి తండ్రి తిప్పయ్య ఆదివారం పొద్దున్నే బస్సు దిగి కూతురితో కలిసి వచ్చాడు. ఎండలో మాడిన మనిషి. కుర్చీలో కూర్చోకుండా ఇల్లంతా చూశాడు. కులం గురించి, మగ్గాల గురించి అడిగితే చెప్పాల్సిన మాటలన్నీ శ్రీరంగప్ప రాత్రంతా కూడబెట్టుకున్నాడు.

"మీకు నీళ్లు ఎన్ని దినాలకొకతూరి ఇడుస్తారు?" అన్నాడు తిప్పయ్య.

శ్రీరంగప్ప తడబడ్డాడు. "రెండు దినాలకొకతూరి."

"ఎంతసేపు?"

"గంట."

తిప్పయ్య పెరట్లోకి పోయి తొట్టిలోకి తొంగి చూశాడు. డ్రమ్మును వేలితో కొట్టి, ఎంతవరకు నిండి ఉందో విన్నాడు. తిరిగి వచ్చి అప్పుడు కూర్చున్నాడు.

"మాకు వారానికొక ట్యాంకరు. ఈడ పిల్ల సుఖపడతాది. నాకు ఇష్టమే."

"ఏం నాయనా," అంది చౌడేశ్వరి, "డ్రమ్ము చూసి ఇచ్చేస్తాండావా నన్ను? పిల్లోన్ని చూడవా?"

"వాన్ని నువ్వు నాలుగు నెలలు విప్పి చూసింటావు గదా. నేను కొత్తగా చూసేదేముండాది?"

చౌడేశ్వరి ముఖం పక్కకు తిప్పుకుని నవ్వింది. నాగేశ్వర లోపలికి పోయి ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తిప్పయ్య గుక్క తిప్పుకోకుండా, ఒక్క చుక్క కింద పడనీయకుండా తాగి, చెంబు బోర్లించి కాబోయే వియ్యంకుడికి చూపించాడు.