ఎడమ మలుపు నేర్చిన టైరు

2074 నాటికి నంద్యాలలో హ్యాండిల్ పట్టుకుని బండి నడిపే మనిషి కనబడితే పిల్లలు ఇళ్లలోంచి పరుగెత్తుకొచ్చి చూసేవాళ్లు. మిగిలిన బండ్లన్నీ వాటంతట అవే నడిచేవి. ఎక్కి కూర్చుని ఊరి పేరు చెబితే చాలు, చేరాక ‘క్షేమంగా దిగండి’ అని కూడా అవే చెప్పేవి. ప్రభుత్వం వాటికి స్వయంచారులని చక్కటి పేరు పెట్టింది. జనం మాత్రం సోంబేరి బండ్లన్నారు. పేరు పెట్టడంలో ప్రభుత్వం జనం మీద ఎప్పుడు గెలిచింది గనక!

అలాంటి ఊళ్లో ఒక బుధవారం పొద్దున, అరవై నాలుగేళ్ల లోహిత పెద్ద టూరింగ్ మోటార్‌సైకిల్ మీద కుందూ వంతెన దాటి వచ్చి, ఓబులేసు వర్క్‌షాపు ముందు ఆగింది. విత్తనాల పరీక్షశాలలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఏ గింజ మొలుస్తుందో, ఏది మొలవదో చేత్తో తడిమి చెప్పేదని పేరు. బండి విషయంలో మాత్రం ఆమెకు ఏమీ పాలుపోవడం లేదు.

“నాలుగు రోజులే ఉండాది ఓబులేసూ,” అంది హెల్మెట్ తీస్తూ. “ఆదివారం దాటితే నల్లమల ఘాట్ రోడ్డు మీదికి మనిషి నడిపే బండ్లను రానీరంట. ఆ లోపల ఒక్కసారన్నా ఆత్మకూరు నుంచి దోర్నాలకు నేనే నడుపుకొని పోవల్ల. ఇదేమో ఎడమకు తిప్పితే చాలు, పక్కకు పడుకుంటాంది. పోయినవారం ఒక మలుపులో పడబోయి తప్పించుకున్నా.”

“కుడికి?”

“కుడికి బంగారం.”

ఓబులేసు వంగి టైర్లు చూశాడు. యాభై ఆరేళ్ల మనిషి. అహోబిలం మొక్కు వల్ల ఆ పేరొచ్చింది గానీ, ఆయన తరగతిలో మిగతా మగపిల్లలందరూ ఆర్యన్‌లూ అయాన్‌లే. వెనక టైరు నడుమ పలకలా చదునైపోయింది. నిటారుగా హైవే మీద పరుగెత్తిన బండికి అరుగుదల అక్కడే వస్తుంది. ముందు టైరు అంచులు కూడా కరిగిపోయాయి.

“రెండూ మార్చాల్సిందే అక్కా. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెడితే బండి ఎటూ గాకుండా పోతాది.”

“మార్చు. కానీ పాఠం మాత్రం అక్షరం పోకుండా కొత్తదాంట్లోకి పొయ్యి,” అంది లోహిత. “అది ఆయన చెయ్యి.”

ఆ మాట అర్థం కావాలంటే ఓబులేసు చేసిన పని చెప్పాలి. 2048లో ఆయన అభ్యాస రబ్బరు కనిపెట్టాడు. అంటే నేర్చుకునే టైరు. దాని పొరల్లో వెంట్రుక కన్నా సన్నని గదులు లక్షల్లో ఉంటాయి. వాటిలో ఉండే ద్రవం కాస్త కరెంటు తగిలితే గట్టిపడుతుంది, ఆగితే పలచబడుతుంది. నడిపేవాడి బరువు ఎటు పడుతోంది, ఏ మలుపులో ఎంత వంగుతున్నాడు, బ్రేకు ఎక్కడ నొక్కుతున్నాడు, ఇవన్నీ సెన్సర్లు గమనిస్తాయి. పది రోజుల్లో టైరు మనిషిని నేర్చేసుకుంటుంది. ఆపైన మలుపు రాకముందే కావలసిన పక్క మెత్తబడి, రెండో పక్క బిగుసుకుని బండిని ఒడుపుగా వంచుతుంది. మనిషి తీరు మారితే పాత పాఠం మెల్లగా మరిచి కొత్తది నేర్చుకుంటుంది. టైరు అరిగిపోతే ఆ పాఠాన్ని కొత్త టైరులోకి పోయవచ్చు. అందుకే జనం ఓబులేసు వర్క్‌షాపును టైర్ల బడి అనేవాళ్లు.

లోహిత భర్త జయంత్ ఈ బండికి ఐదు జతల టైర్లు మార్చాడు, ఐదింటిలోకీ అదే పాఠం పోయించాడు. ఆయన పోయి రెండేళ్లయింది. చొక్కాలు ఎవరికో ఇచ్చేశారు. గొంతు రికార్డు చేసుకోవాలని లోహితకు తోచనే లేదు. ఆ మనిషి ఒంటి కదలిక మాత్రం ఈ రెండు రబ్బరు చక్రాల్లో మిగిలిపోయింది. ఊరి చివర ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతున్నప్పుడు బండి తనంతట తాను చిన్నగా సర్దుకుంటే ఆమె ఇంకో కిలోమీటరు ఊరికే నడిపేది.

ఇరవై ఎనిమిదేళ్లు, ఏటా వానలు వెనకబట్టాక, ఇద్దరూ ఆ ఘాట్ ఎక్కేవాళ్లు. ఆత్మకూరులో సీతాఫలాలు కొనుక్కునేవాళ్లు. తడిసిన అడవి వాసన వస్తుంటే జయంత్ పాట అందుకునేవాడు. చరణం ఒక్కటీ సరిగా రాదు. రాని చోట మైలురాళ్ల మీది అంకెలు రాగం తీసి పాడేవాడు. ఆమె వెనక కూర్చుని నవ్వీ నవ్వీ హెల్మెట్ అద్దం మసకబార్చుకునేది. ఆ రోజులు ఎంత బాగుండేవో ఆ రోజుల్లో తెలియలేదు. ఎవరికి తెలుస్తుంది?

ఓబులేసు పాఠం చదివే రీడర్ తీసి చక్రానికి తగిలించాడు. గోడ మీద పాఠం గీతలుగా పరుచుకుంది. కాసేపు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“తప్పు అరుగుదలది కాదక్కా. నువ్వు ఒంటరిగా నడుపుతాండావు. ఇది ఇద్దరి పాఠం.”

“ఇద్దరం పోయేవాళ్లం గదా మరి.”

“అదే చెప్తాండ. కుడి మలుపుల్లో రెండు బరువులూ ఒక్క పక్కకే వంగినాయి. ఎడమ మలుపుల్లో ముందరి బరువు ఎడమకు వంగితే, వెనకది కుడికి లాగింది. ప్రతిసారీ. దాన్ని సరిచేసేదానికి టైరు బండిని కావాలని ఎడమకు పడదోయడం నేర్చుకునింది. ఇప్పుడు వెనక లాగే మనిషి లేదు, తోసే టైరు మాత్రం తోస్తానే ఉండాది.”

లోహితకు మొదటి ప్రయాణం గుర్తొచ్చింది. ఆత్మకూరు నుంచి ఎక్కేటప్పుడు లోయ ఎడమ పక్కన ఉంటుంది. ఆ పక్కకు వంగితే అందులోకి జారినట్టే ఉండేది. మొదటి ఏడు ఆమె ప్రాణభయంతో కుడికి బిగుసుకుని కూర్చుంది. పైకి చేరాక జయంత్ అందరి ముందూ, “మా ఆవిడ కూర్చుంటే వెనక మనిషి ఉన్నట్టే తెలీదు,” అని పొగిడాడు. ఆపైన ప్రతి ఏడూ ఆమె అలాగే కూర్చుంది.

“ఒక సంగతి అంతుబట్టల్యా,” అన్నాడు ఓబులేసు. “రెండేళ్ల నుంచి నువ్వొక్కదానివే నడుపుతాండావు. ఈపాటికి పాతది మరిచి నిన్ను నేర్చుకోవల్ల. ఎందుకు మరవలేదా అని చూస్తే, పాఠానికి తాళం వేసుండాది. కొత్తగా ఏమీ నేర్చుకోగూడదని యజమాని వేసే తాళం. లక్షల టైర్లు అమ్మినా, దీన్ని వాడిన మనిషిని నేను చూసింది లేదు.”

“ఎప్పుడు వేసినాడు?”

“2052, అక్టోబరు పద్నాలుగు. తాళం వేస్తే కారణం రాయాలని నేనే నియమం పెట్టినా. రాసినాడు కూడా.” ఓబులేసు చదవడానికి తటపటాయించి, పక్కకు జరిగి ఆమెకే చూపించాడు.

గోడ మీద ఒకే వరుస ఉంది: ‘మా ఆవిడ తప్పు వైపు వంగుతుంది. ఆమెకు తెలియనివ్వొద్దు.’

లోహిత ముందు నవ్వింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఓబులేసు నీళ్ల సీసా తెచ్చి పెట్టి, చేయడానికి ఇంకేమీ తోచక, ఉన్న స్పానర్లనే మళ్లీ సర్దాడు.

“అక్టోబరు పద్నాలుగా?” అంది చివరికి. “దానికి మూడు రోజుల ముందర మేం ఘాట్ ఎక్కినాం. ఆ యేడు టూరింగ్ క్లబ్బువాళ్లు వెనక కూర్చునేవాళ్లకు క్లాసు పెట్టినారు. ఆయనకు చెప్పకుండా పోయి నేర్చుకున్యా. నడిపేవాని భుజం మీదుగా మలుపు లోపలికి చూడాలి, వానితోపాటే వంగాలి అన్నారు. అప్పటిదాకా నేను చేసిందంతా తప్పని ఆ పొద్దు తెలిసింది. సిగ్గుతో సచ్చిపోయినా.”

“ఆ తర్వాత?”

“ఘాట్‌లో మొదటి ఎడమ మలుపులో సరిగ్గా ఆయనతోపాటే వంగినా. బండి లోయ దిక్కు ఒక్క దూకు దూకింది. ఎట్లో నిలబెట్టినాడు. దిగి, రాయి మీద కూర్చున్నాడు. ‘తప్పు నాదే లోహితా. నా చెయ్యి పట్టు తప్పుతాంది. ఇంక బండి అమ్మేస్తా’ అన్నాడు. ఆ మొగం నేను చూడలేకపోయినా ఓబులేసూ. బండి లేకపోతే ఆయన ఏమైపోయేవాడు? తర్వాతి మలుపు నుంచి మళ్లా కుడికే వంగినా. తెలిసే వంగినా. ఇరవై ఏళ్లు.”

“అంటే, నీ బరువు పాఠం టైరు మరిచిపోతాందనుకొని తాళం వేసుంటాడు.” ఓబులేసు గోడ మీది గీతలను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. నడిపేవాళ్ల లోపాలు దిద్దడానికని యవ్వనమంతా ధారపోసి కనిపెట్టిన వస్తువు అది. ఈ ఇద్దరూ కలిసి దానికి నేర్పిందేమో ఒకరి లోపం ఒకరికి తెలియకుండా మోయడం. పాపం, టైరు తన పని తాను శ్రద్ధగా చేసింది. మధ్యలో దానికేం తెలుసు!

“ఇప్పుడు ఏం జేయమంటావు?” అన్నాడు. “పాఠం పోస్తే ఘాట్‌లో నిన్ను పడేస్తాది. ఖాళీ అభ్యాస టైరు పెడితే నాలుగు రోజుల్లో నిన్ను పూర్తిగా నేర్చుకోలేదు. ఇంకొకటుండాది, మొద్దు రబ్బరు. ఏమీ నేర్చుకోదు, ఏమీ దాచదు. మీరు మొదట్లో తిరిగింది దాని మీదనే.”

లోహిత లేచి పాత టైరు మీద అరచెయ్యి ఆనించింది. విత్తనాల సంచి మీద ఎన్నేళ్లో అలాగే ఆనించి ఉంటుంది. ఉంచుకోవాలని మనసు పీకుతోంది. ఉంచుకుంటే ఆదివారం లేదు.

“మొద్దుదే పెట్టు. ముందుది కాస్త గుండ్రంగా ఉండేది చూడు, మలుపులో తేలిగ్గా వంగుతాది. వెనకది నడుమ గట్టిగా, అంచుల్లో మెత్తగా ఉండేది. గాలి నేను చెప్పినంతే కొట్టు.” కళ్లు తుడుచుకుంది. “నిన్ను ఇంకోటి అడగాల. నువ్వు చేసిన టైరు మీద నువ్వు ఎప్పుడన్నా కూర్చున్నావా?”

“నేనా? నాకు సోంబేరి బండే గతి. మనిషి నడిపే బండి వెనకాల ఈ జన్మలో కూర్చోలేదు.”

“ఆదివారం పొద్దున ఏడింటికి తయారుగా ఉండు.”

ఓబులేసు వద్దనడానికి మూడు కారణాలు చెప్పాడు. మూడింటినీ ఆమె విన్నది. ఆదివారం ఏడింటికి ఆయన అరువు హెల్మెట్‌తో, పెళ్లిచూపులకు పోతున్నంత బెదురుగా, వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆత్మకూరు దాటాక అడవి గేటు దగ్గర కాపలాదారు టైర్లు తట్టి చూసి వదిలాడు. రోడ్డు తడిగా ఉంది. మొదటి రెండు కుడి మలుపులు సులువుగా జరిగిపోయాయి. కొత్త రబ్బరు చెప్పిన మాట విన్నది. రెండేళ్లలో మొదటిసారి లోహితకు బండి తన చేతుల్లోనే ఉన్నట్టు అనిపించింది. పాడాలనిపించింది కూడా, గానీ వెనకాయన ఏమనుకుంటాడో అని ఊరుకుంది.

తర్వాత ఎడమ మలుపు వచ్చింది. లోయ తెరుచుకుంది. ఆమె వంగింది, బండి వంగలేదు. నడిరోడ్డు గీత మీదికి పోతోంది. టైరు పని ఇంతేనా అనుకుంది. అంతలో వెనక నుంచి బరువు తెలిసింది. ఓబులేసు లోయను చూసి, ఊపిరి బిగబట్టి, నిలువునా కుడి పక్కకు బిగుసుకుపోయాడు. బండిని ఎడమకు వంచడానికి లోహిత ఆ వైపు హ్యాండిల్‌ను అరచేత్తో బలంగా ముందుకు నెట్టింది. మణికట్టు నుంచి భుజం దాకా నరం లాగింది. బండి మెల్లగా దారికొచ్చింది.

మలుపు దాటాక ఆమెకు సంగతి తెలిసింది. అభ్యాస రబ్బరు రాకముందు నాలుగేళ్లు వాళ్లు తిరిగింది ఇలాంటి మొద్దు టైర్ల మీదే. ప్రతి ఎడమ మలుపులోనూ జయంత్ చెయ్యి ఇదే బరువు మోసింది. మోస్తూనే పాడాడు. ఇంటికొచ్చాక భుజానికి తైలం రాసుకుంటుంటే, ‘వయసు వస్తాంది గదా’ అని ఆమే ఎగతాళి చేసింది.

“అక్కా,” అన్నాడు ఓబులేసు వెనక నుంచి. గొంతు చిన్నపిల్లాడంత సంబరంగా ఉంది. “నేను బాగానే కూర్చున్నానా? నీకేం ఇబ్బంది లేదు గదా?”

చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. నా భుజం మీదుగా చూడు, నాతోపాటే వంగు, అంతే. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అద్దంలో చూస్తే, భయానికి చెమటలు కారుతున్నా, ఆ మొహం వెలిగిపోతోంది.

“శానా బాగా కూర్చున్నావు నాయినా,” అంది లోహిత. “అట్లనే ఉండు, కదలొద్దు.”

ముందర మళ్లీ ఎడమ మలుపు. ఈసారి ఆమె కాస్త ముందుగానే నెట్టడం మొదలుపెట్టింది.