సీసాల్లో పసుపునీళ్ళు

ఆడికృత్తిక పండగ ముందురోజు పొద్దున్నే జనార్ధనం ఇల్లంతా పసుపునీళ్ళు చల్లాడు. గడపలకు, బీరువాకు, మోటారు పంపుకు, మామిడికాయలు తూచే కాటాకు.

వెనక గదిలోకి వెళ్ళిన కూతురు సింధూర అక్కడే ఆగిపోయింది. బల్లమీది గాజుసీసాలన్నిటికీ కుంకుమబొట్లు. దూది బిరడాలు ఊడదీసి పక్కన పేర్చి ఉన్నాయి. లోపల తెల్లటి బూజు మీద పసుపు తేలుతోంది.

"నాయనా!"

ఆ కేకకు తల్లి వల్లియమ్మ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. వెనకే జనార్ధనం వచ్చాడు. కూతురి పీహెచ్‌డీ గట్టెక్కాలని రేపు తిరుత్తణి కొండకు కావడి ఎత్తబోతున్నాడు.

"ఇవి తెరిచింది ఎవురు?"

"నేనే. నువ్వు పనిచేసే సామాను గదా, లోపల గూడా నాలుగు చుక్కలు పడనీ అని పోసినా."

"పసుపు పడితే బూజు చస్తాది నాయనా! ఒక్క సీసా అన్నా వదిలిపెట్టకూడదా?"

"ఒకదానికి చల్లి ఒకదానికి మానేదా? దేవుడి కాడ వంచన చేయమంటావా? ఇంట్లో బూజు సాకతా ఉంటే ఒక్క మాటన్నానా నిన్ను? చుట్టాలు ముక్కు మూసుకుంటే, మా అమ్మి వెండి చేస్తా ఉందని గొప్పలు చెప్పినా. యాడుందే ఆ వెండి?"

"కంటికి కనపడేంత ఉంటే నానో వెండి అని ఎందుకంటారు? కెమికల్ మందులతో దాన్ని చేస్తే, ఆ కడిగిన నీళ్ళకు చెరువులో చేపలు చస్తాయి. ఈ బూజు ఊరిన నీళ్ళల్లో సిల్వర్ నైట్రేట్ అనే వెండి ఉప్పు కలిపితే చాలు, అదే వెండిని విడదీస్తాది. నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి. కాలేజీలో ఫ్రిజ్ చెడిపోయి అక్కడిదంతా పోయింది. మిగిలింది ఇదొక్కటే. అదీ చంపేసినావు!"

"బూజుకింత ఏడుపా!"

"ఏం మనిషివయ్యా!" వల్లియమ్మ గరిటె బల్లమీద కొట్టింది. "తోడేసిన పాలల్లో పసుపు పోస్తావా? పెరుగైతాదా అది?"



"నా పేరు మీద కావడి ఎత్తొద్దు నాయనా. నాకొద్దు" అంది సింధూర.

చెంపమీద కొట్టినట్టయింది అతనికి. సీసా ఒకటి ఎత్తి లోపలికి చూశాడు.

"ఆ బూజు నీకు యాడ దొరికింది?"

"తోట వెనక. కుళ్ళిన కాయలు పారబోసే గుంటలో."

జనార్ధనం పంచె ఎగ్గట్టాడు. వల్లియమ్మ అడ్డొచ్చింది. "కావడి మొక్కు మాల మెడలో పెట్టుకొని కుళ్ళు తొక్కుతావా? రేపు కొండెక్కాల!"

"బిడ్డ వద్దన్నాక కొండ మీద నాకేం పని? జరుగు."

గుంటలో ఈగలు గుయ్యిమంటున్నాయి. పారతో లాగితే పొరలు కలిసిపోతాయని సింధూర కసిరింది. జనార్ధనం పార పక్కన పడేసి మోచేతుల దాకా చేతులు దించాడు.

"ఇదా?"

"కాదు. అది పచ్చది."

"ఇదా?"

"తెల్లది అన్నా గదా!"

చివరికి ఒక టెంకను దోసిట్లో పైకి తీశాడు. దానిమీద నూగులా తెల్లగా బూజు.

"ఇదేనా అమ్మీ?"

"ఇప్పుడే చెప్పలేను. పెంచి చూస్తే గానీ తెలీదు." ఆమె గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. "దానిమీద ఊపిరి వదలొద్దు."

జనార్ధనం చటుక్కున నోరు బిగించి, బుగ్గలు ఉబ్బించి, కదలకుండా నిలబడ్డాడు. మొహం ఎర్రబడుతున్నా ఊపిరి వదలలేదు.

సీసా పట్టుకొచ్చిన సింధూర అది చూసింది. బిరడా తీయబోతుంటే ఏడుపొచ్చేసింది.