చెలమలో విషం

"చెలమ అంటే ఏందో తెలుసా?" అని ఆంజనేయులు అడిగేసరికి వరప్రసాదానికి ఒళ్లు మండింది.

"వెలిగండ్లలో పుట్టినోణ్ణి సార్. ఏట్లో ఇసుక తోడి నీళ్లు తాగినోణ్ణి. నన్నా అడిగేది?"

"ఆ చెలమ కాదయ్యా. ఇది సాఫ్ట్‌వేర్."

మార్కాపురంలో మూతపడ్డ పలకల ఫ్యాక్టరీ షెడ్డు అది. పీల్చే గాలిలో కూడా రాతిపొడే. డిపార్ట్‌మెంట్‌లో ఆంజనేయులుని చీఫ్ అంటారు. ఎదురుగా నిలబడ్డ వరప్రసాదం ఏజెంట్ నంబర్ నలభై ఒకటి. పదిహేనేళ్ల సర్వీసులో బిచ్చగాడి వేషం వేశాడు, ఒకసారి మార్చురీలో శవం వేషం కూడా వేశాడు. ఏనాడూ ఇంత రోత పుట్టలేదు. ఇవాళ్టి వేషం పసుపుపచ్చ టీషర్టు, గుండెమీద పెంగ్విన్ బొమ్మ, చంకలో ఒళ్లంతా స్టిక్కర్లు అంటించిన ల్యాప్‌టాప్.

"నీళ్ల ప్లాంట్లలో క్లోరిన్ ఎంత వదలాలో ఆ ప్రోగ్రామే చెబుతుంది," అన్నాడు చీఫ్. "ఓపెన్ సోర్స్. ఎవడైనా చదవొచ్చు, ఎవడైనా ఊరికే వాడుకోవచ్చు. ముప్పై దేశాలు వాడుకుంటున్నాయి. దాన్ని రాసి, పదకొండేళ్లుగా సాకుతున్నది ఒక్కడే. గిద్దలూరు స్టేషన్ రోడ్డులో జిరాక్స్ దుకాణం తిమోతి."

"శత్రువు?"

"బొంతకాకి ముఠా. విదేశీ. చెలమని వాళ్ల చేతుల్లోకి తీసుకోవాలని చూస్తున్నారు."

"నా పని?"

"రేపు ఉదయం పదిన్నరకి చెలమ డెవలపర్ల ఆన్‌లైన్ మీటప్. మూడొందల మంది వస్తారు. బెంగుళూరు నుంచి వచ్చిన ఆర్గనైజర్ వంశీవి నువ్వు. తిమోతి దుకాణంలోనే కూర్చుని లింకులు పంపు, మైకులు చూడు, ముఠావాళ్లు ఎవరెవరు లాగిన్ అవుతారో పట్టుకో. తిమోతి తన బాధ్యత హెలెన్‌కి అప్పజెప్పి, ఆమె తయారుచేసిన కొత్త వెర్షన్‌కి తన డిజిటల్ కీతో సంతకం పెడతాడు. భయంలేదు, హెలెన్ మన మనిషే. ముఠాలో ఉండి మనకి పనిచేస్తోంది. కోడ్ మాట 'ఎండలు ముదిరాయి'. నీ జవాబు 'వాన దూరం లేదు'."

వరప్రసాదం తలూపాడు. చెవిలో గోధుమగింజంత స్పీకరు, దాంట్లోనే మైకు, కళ్లకు అద్దాలు. స్క్రీన్ మీద ఏ ఫైల్ కనపడినా అందులో కొత్తగా చేర్చిన వరసల్ని ఆ అద్దాలు ఎర్రగా చూపిస్తాయి.

మర్నాడు తొమ్మిదింటికి తిమోతి దుకాణంలో అడుగుపెట్టాడు. తిమోతికి ముప్పై అయిదుంటాయి. కళ్ల కింద నల్లటి గుంటలు. వాళ్లమ్మ దీనమ్మ మిరపకోతల కూలికి పోయి పోయి నడుం వంగిన మనిషి. వరప్రసాదాన్ని చూడగానే టీ గ్లాసు చేతిలో పెట్టింది.

"ఏ వూరు నాయనా మీది?"

"బెంగుళూరు పెద్దమ్మా."

ఆ అబద్ధం నాలుక మీద చేదుగా తగిలింది.

"ఇదేందో చూడన్నా," అంటూ తిమోతి తన కంప్యూటర్ తిప్పి చూపించాడు. రెండేళ్ల మెసేజులు. 'చేతకాకపోతే దిగిపో.' 'నీలాంటి సోమరి వల్ల ప్రాజెక్ట్ చచ్చిపోతోంది.' 'నీకు బుద్ధుందా?' నలభై పేర్లు, నలభై రకాల తిట్లు. "దుకాణం కట్టేసి రాత్రిళ్లు కూచ్చోని చేస్తాన్నా. రూపాయి ఎప్పుడూ అడగలే. అయినా ఇట్ల అంటాండారు. నిద్ర పట్టదు. హెలెన్ అక్క ఒక్కతే నాతో మంచిగా మాట్లాడింది. అమ్మకి జరమొస్తే ఉపవాసముండి ప్రార్థన చేసిందంట. ఆయమ్మకే అప్పజెప్పి తప్పుకుంటా. నాకుండేది ఈ పేరొక్కటే, అదన్నా మిగుల్తాది."

వరప్రసాదం ఆ మెసేజుల మీంచి చూపు తిప్పుకున్నాడు. ఆ నలభై పేర్లూ ఒకే గదిలో కూర్చున్న ముగ్గురు ముఠావాళ్లవని నిన్న ఫైల్‌లో చదివాడు. రెండేళ్లు రోజూ ఒక మనిషిని చెప్పుతో కొట్టినట్టు కొట్టడం, ఆ దెబ్బలకు వెన్న రాయడానికి ఒక ఆడమనిషిని పంపడం. థూ! తుపాకీ పట్టుకుని ఎదురొచ్చేవాడు వీళ్లకన్నా వెయ్యిరెట్లు నయం. నోరు విప్పి చెప్పే హక్కు తనకి లేదు, అదింకా అసహ్యం.

పదిన్నరకి మీటప్ మొదలైంది. మొదటి నలభై నిమిషాలూ వరప్రసాదానికి నరకమే. ఒకాయన మ్యూట్‌లోనే పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాడు. ఇంకొకామె మైకు ఆపకుండా కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టింది. కోడ్‌లో వరస మొదట ఎన్ని ఖాళీలు వదలాలన్న దాని మీద ఇద్దరు జుట్లు పట్టుకున్నంత పనిచేశారు. ఈ ప్రపంచం తాగే నీళ్లు వీళ్ల చేతుల్లోనా అనిపించి తల పట్టుకున్నాడు. ఈ గోలలోనే ముఠావాళ్లు ముగ్గురి జాడా పట్టి చీఫ్‌కి పంపాడు.

పదకొండూ పదికి హెలెన్ స్క్రీన్ మీదికొచ్చింది. ముదురు నీలం పట్టుచీర, చెవులకు ముత్యాలు, పెదవుల మీద ఎర్రటి రంగు, తేనె పూసిన గొంతు.

"అందరికీ వందనాలు. తమ్ముడూ తిమోతీ, బాగున్నావా? వంశీగారూ, మీవైపు ఎండలు ముదిరాయా?"

"వాన దూరం లేదు మేడమ్."

ఆమె చిన్నగా నవ్వింది. "తమ్ముడూ, పదకొండున్నరకి ప్లాంట్లకి కొత్త వెర్షన్ పంపే సర్వర్ల గేటు మూసేస్తారు. మళ్లీ మూడు నెలలకి గాని తెరవరు. ఫైల్ పంపుతున్నా, సంతకం పెట్టేయ్."

పదకొండూ పదిహేడుకి ఫైల్ వచ్చింది. ఎవరూ చదవడానికి టైం చాలకూడదనే అంత ఆలస్యం. వరప్రసాదం అద్దాల్లో ముప్పై ఎనిమిదో వరస ఎర్రగా వెలిగింది. చదివాడు. బయటినుంచి ఎవడో ఒక ఆజ్ఞ పంపితే చాలు, ఏ ఊరి క్లోరిన్ వాల్వయినా పూర్తిగా తెరుచుకుంటుంది. పిల్లలు స్కూల్లో నీళ్ల సీసా నింపుకునే కుళాయిలు కూడా అందులో ఉన్నాయి.

దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగాడు. "సార్, హెలెన్ మనల్ని మోసం చేసింది. ఫైల్‌లో దొంగతలుపుంది."

"తెలుసు," అంది చెవిలో చీఫ్ గొంతు. "దాని తాళంచెవి వాళ్లకొకటి, మనకొకటి ఇస్తుంది. రేపు ఏ దేశమైనా మన మీదికి తోక జాడిస్తే పనికొస్తుంది. కదలకు. ఇది ఆర్డర్."

"సోమవారం కోడ్ తనిఖీ చేసే ఆడిటర్లు ప్రతి వరసా చదువుతారు గదా సార్?"

"ఇవాళ్టి గేటు దాటితే ప్లాంట్లన్నిట్లోకి చేరిపోతుంది. తర్వాత చదివి ఏం చేస్తారు? దొరికితే సంతకం తిమోతిది, మనది కాదు."

ఛీ, ఈ కుక్కల కొట్లాటలో రెండు కుక్కలకీ అదే ఎముక కావాలి! పదిహేనేళ్లు ఈ మనిషి జీతం తిన్నానా అనుకున్నాడు వరప్రసాదం. తిమోతి అప్పటికే కీని కంప్యూటర్‌కి గుచ్చాడు. పెన్‌డ్రైవంత వస్తువు, వేలు ఆనిస్తే సంతకం పడిపోతుంది. తన మాటలు చీఫ్ వింటున్నాడు. నోరు తెరిచి వద్దంటే దుకాణం బయట జీపులో చీఫ్ కాపలా పెట్టిన మనుషులిద్దరూ లోపలికొస్తారు, తిమోతి వేలు వాళ్లే పట్టి ఆనిస్తారు.

టైం పదకొండూ ఇరవై.

వరప్రసాదం మైకు ఆన్ చేశాడు. "ఇంత పెద్ద బాధ్యత చేతులు మారుతోంది. సంతకానికి ముందు పెద్దమ్మ చిన్న ప్రార్థన చేస్తే బాగుంటుంది. ఏమంటారు హెలెన్ మేడమ్?"

హెలెన్ పెదవులు ఒక్క క్షణం బిగుసుకున్నాయి. రెండేళ్లుగా ఉపవాసాల కబుర్లు చెప్పిన మనిషి, మూడొందల మంది ముందు ప్రార్థన వద్దని ఎట్లా అంటుంది? "తప్పకుండా... చిన్నది," అంది.

"రెండు నిమిషాలేగా, కానివ్వు," అన్నాడు చెవిలో చీఫ్. ఆయన గుడికి పోతే గంట కొట్టి, కుంకం పెట్టుకుని నిమిషంలో బయటపడే మనిషి. 'చిన్న ప్రార్థన' అంటే ఏమిటో చర్చి మందిరంలో చాపల మీద పెరిగిన వరప్రసాదానికి తెలుసు, ఆయనకి తెలియదు.

దీనమ్మ పైట నెత్తిన కప్పుకుంది. తిమోతి కీ మీద నుంచి చెయ్యి తీసి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు.

"పరలోకమందున్న మా తండ్రీ, నీ పరిశుద్ధ నామానికి స్తోత్రం. తెల్లారగట్ల మమ్మల్ని లేపినావు, స్తోత్రం. నిన్న నల్లమలలో మబ్బు చూపించినావు, స్తోత్రం. మా రోశమ్మ మోకాళ్లు నీకు తెలుసు ప్రభువా..."

పదకొండూ ఇరవై రెండు. రోశమ్మ మోకాళ్ల నుంచి పాస్టరుగారి బండికి, బండి నుంచి ఎండిన బోర్లకి, బోర్ల నుంచి పదో తరగతి పిల్లల పరీక్షలకి ప్రార్థన సాగింది. చాట్‌లో హెలెన్ మెసేజుల మీద మెసేజులు కొడుతోంది: 'తమ్ముడూ టైం', 'తమ్ముడూ ఒక్కసారి కళ్లు తెరువు'. ప్రార్థన నడుస్తుంటే కళ్లు తెరిచే కొడుకుని దీనమ్మ కనలేదు.

"హెలెనమ్మని దీవించు ప్రభువా. ఆ బిడ్డ గుండెలో ఏముందో మాకు తెల్వదు, నీకు తెలుసు."

హెలెన్ ముఖంలో రంగు మారింది. "ఆపించు!" అని చెవిలో చీఫ్ అరుస్తున్నాడు. "ఎట్ల ఆపమంటారు?" అని వరప్రసాదం పెదవులు కదలకుండా అడిగాడు.

పదకొండూ ఇరవై తొమ్మిది. "...యీ మనవులన్నీ యేసు నామంలో అడిగి..." దీనమ్మ గొంతు ముగింపు పల్లవిలోకి దిగింది. ఇంకో మాట అంటే ఆమేన్. ఆమేన్ తర్వాత సంతకానికి పది సెకన్లు చాలు. హెలెన్ ముందుకు వంగింది.

"పెద్దమ్మా," అన్నాడు వరప్రసాదం. "మా అమ్మ గురించి గూడా. సంతోషమ్మ. వెలిగండ్ల. గుండె జబ్బు. నేను పోయి చూసి రెండేళ్లయింది."

అది అబద్ధం కాదు. దాన్ని ఈ పనికి వాడుకున్నందుకు తనంటే తనకే అసహ్యమేసింది.

"అయ్యో నాయనా!" దీనమ్మ కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి అతని తల మీద పెట్టింది. "ప్రభువా, మా సంతోషమ్మక్కని..."

ఆమేన్ అనేసరికి పదకొండూ ముప్పై మూడు. గేటు మూసుకుపోయింది.

"అయ్యో, టైం దాటిపోయిందే!" అన్నాడు తిమోతి.

వరప్రసాదం మీటింగ్ ఆపలేదు. చెవిలో స్పీకరు పీకి టీ గ్లాసులో వేశాడు. "తమ్ముడూ, ముప్పై ఎనిమిదో వరస చదువు. పైకి చదువు, అందరూ వింటారు."

తిమోతి చదివాడు. సగంలో ఆగి, మళ్లీ మొదట్నుంచి చదివాడు. ఖాళీల గురించి కొట్టుకున్న ఆ ఇద్దరే మొదట తేరుకుని, తెలిసిన ప్లాంట్లన్నిటికీ హెచ్చరికలు పంపడం మొదలుపెట్టారు. హెలెన్ ఉన్న గడి నల్లబడిపోయింది.

"అక్క ఇట్ల చేసిందా?" అన్నాడు తిమోతి. కీని పీకి గుప్పిట్లో బిగించుకున్నాడు. "ఇంక ఎవురికీ ఇయ్యనన్నా. తిట్టినా ఇయ్యను."

"ఇవ్వొద్దు. తిట్టింది నలభై మంది కాదు, ముగ్గురే. ఒకే గదిలో కూచ్చోని తిట్టినారు."

జేబులో ఫోన్ మోగింది. చీఫ్.

"నీ ఉద్యోగం పోయినట్టే! గేటు మూసేదాకా ఆపరేషన్‌కి అడ్డుపడింది ఎవరు? రిపోర్టులో పేరు రాయాలి, చెప్పు!"

"నేను ప్రార్థన చెయ్యమన్నా సార్, అంతే. తొందరపడకుండా తీరిగ్గా విన్నది మాత్రం పైనున్నాయన. మెమో ఆయనకే పంపించండి. అడ్రస్ కావాలంటే దీనమ్మ పెద్దమ్మని అడిగి చెబుతా, అయితే ఆమె చెప్పడం మొదలుపెడితే మీకు మధ్యాహ్నం భోజనం ఉండదు."